పద్దెనిమిది నెలల ఆషాఢం

ఎదురుచూపును మించిన టానిక్ ఈ లోకంలో లేదు! పెళ్ళై ఐదు నెలలైన నేను అనుభవంతో చెబుతున్న మాట ఇది.

మొన్న ఆషాఢంలో కొత్త జంట కలిసి ఉండొద్దని నన్ను చిట్యాలలోని పుట్టింటికి పంపారు. ముప్పై రోజులు! కోస్గిలో పిల్లలకు బయాలజీ చెప్పే మా ఆయన చాలా గంభీరమైన మనిషి. నాలుగో రోజే బస్సు దిగాడు. నేను మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికట! చిట్యాలలో అప్పటికి ఒక్క చినుకు పడలేదు. ఆ నెల అత్తగారి గడప తొక్కొద్దు కాబట్టి అరుగు మీదే చాయ్ తాగి, తిరుగు బస్సెక్కాడు. ఎదురుచూపు లేకపోతే నాకింత ఆనందం దక్కేదా?

టెలిఫోన్ కోసం, గ్యాస్ కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఆగే పాఠకులారా, మీరంతా అదృష్టవంతులు! మీ అందరికంటే అదృష్టవంతురాలు మా పక్కింటి అజ్మత్ బీ. (పేరు మార్చాను.)

ఆమె మనవరాలు ఖమర్‌కు ఐదు నెలలు. నా కాపురానిదీ పాపదీ ఒకే వయసు. తల్లి ఎయిడ్స్‌తో పోయింది. పాపకూ ఆ వైరస్ సోకిందేమో చూపిద్దామని మొన్న ముగ్గురం పెద్ద దవాఖానకు వెళ్ళాం. డాక్టరుగారు ఎంతో మర్యాదగా చెప్పారు. పాప రక్తంలో ఇంకా వైరస్‌తో పోరాడే తల్లి యాంటీబాడీలు ఉంటాయి, ఇప్పుడు పరీక్ష చేసినా అవి తల్లివో పాపవో తేలదు, పద్దెనిమిది నెలలు నిండాక తీసుకురండి అన్నారు. ముందే తేల్చే పరీక్ష ఒకటి ఉందట. మన దాకా రాలేదట.

ఎంత సౌకర్యం! అప్పటికి ఎత్తుకునే పని లేదు, పాప తనే నడిచొస్తుంది. పళ్ళు కూడా వస్తాయి, సూది పొడిచినవాళ్ళను కొరకవచ్చు!

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మాత్రం ఏదో పత్రిక ముందేసుకుని గొణుగుతున్నాడు. పుట్టిన కొద్ది వారాల్లోనే మందు మొదలుపెడితే పసి ఒంట్లోని రక్షణ కణాలు నిలబడతాయట, ఆలస్యమైతే వైరస్ వాటినే తినేస్తుందట. తొందర మనిషి! గొడుగు సంగతి చెప్పానుగా.

ఆ రోజు దవాఖానలో అజ్మత్ బీ డాక్టరుగారిని ఒక్క మాట అడిగింది. "మేమైతే ఆగుతం సారూ. గా పురుగు గూడ ఆగుతదా?"

డాక్టరుగారు తలెత్తకుండా చీటీ మీద తేదీ రాశారు.

ఎందుకాగదు? గది బయట 'వరుసలో నిలబడండి' అని బోర్డు ఉంది! రెండు డిగ్రీలు చదివిన మా ఆయన నాలుగు రోజులు ఆగలేకపోయాడు గానీ, బడి మొహం చూడని వైరస్ పదమూడు నెలలు బుద్ధిగా ఆగుతుంది!

తిరుగు బస్సులో ఖమర్ నా చూపుడువేలు పట్టుకుంది. కోస్గి దాకా వదల్లేదు. చిన్నదే గానీ గట్టి పట్టు.

ఆ పట్టు ఈ నెలది. చీటీలో తేదీ వచ్చే ఏటి దసరా దాటాక.