చందానగర్ పిచ్చుకలూ, మా అత్తగారి ఫోనూ

ముందే చెప్తున్నా, నాకు అసూయ లేదు. ఆదర్శ్ అనేవాడు ఈ భూమ్మీద ఉండటం కొంచెం ఎక్కువైందనిపిస్తుంది, అంతే.

మా ఆవిడ రసజ్ఞ పక్షులు చూసే గ్రూపులో చేరింది. లీడరు ఈ ఆదర్శే, నా లెక్కలో బైనాక్యులర్ బాబు. ఆదివారం నానక్‌రామ్‌గూడ టవర్ల వెనక గడ్డిలో బూడిదతల గడ్డిపిచ్చుకని వెతకాలట. అది కనబడి మూడేళ్లయిందట.

"ఆదర్శ్ గారు కూత విని పిట్ట పేరు చెప్పేస్తారు తెలుసా!"

"నేనూ కుక్కర్ కూత విని పప్పు ఉడికిందో లేదో చెప్తాను."

"మొన్న మాడింది."

పిట్ట ఫోటో చూస్తే ఊపిరి బిగబట్టేస్తుంది. పెళ్లయి ఎనిమిది నెలలు, నన్ను చూసి ఒక్కసారైనా బిగబట్టిందా? లేదు!

అందుకే పక్షుల యాప్‌లో దొంగ అకౌంట్ తెరిచా. ఓటీపీకి నంబర్ కావాలిగా? మా అత్తగారు పుణ్యవతి గారు కాకినాడ వెళ్తూ మర్చిపోయిన ఫోన్ సొరుగులో ఉంది. ఆవిడ పేరుతోనే, "చందానగర్, హైవే పక్క ఖాళీ స్థలం, గడ్డిపిచ్చుకలు రెండు" అని కొట్టేశా. బాబు అటు పరిగెడతాడు, ఇటు నానక్‌రామ్‌గూడలో నేనూ రసజ్ఞా!

ఆదివారం తెల్లారి ఐదు. "లే ఉదయ్! అందరం చందానగర్ వెళ్తున్నాం! ఎవరో పుణ్యవతి గారు చూశారట, అచ్చం అమ్మ పేరే!"

దుప్పటి తన్నేసి లేచా. సొరుగులో ఉంటే దొరికిపోతానని అత్తగారి ఫోన్ జేబులో వేసుకుని బయల్దేరా.

రెండు గంటలు గడ్డిలో తిరిగాం. పిట్ట లేదు. బాబు మొహం వాడిపోయింది. నాకెంత హాయిగా ఉందో!

అప్పుడొచ్చాడు ఆ స్థలం వాచ్‌మన్ మొగిలి. "ఏంది సార్, గడ్డిల ఏం పోయింది?"

"పిచ్చుకలు."

"ఓ, గవా? ఆ గోడ పక్కనే ఉంటయి. రోజు చూస్త."

నిజంగానే ఉన్నాయి. రెండు! రసజ్ఞ ఊపిరి బిగబట్టి చెయ్యి పట్టుకుంది. నాదే!

"ముందు పుణ్యవతి గారికి థ్యాంక్స్ చెప్పాలి, ప్రొఫైల్‌లో నంబరుంది" అంటూ బాబు ఫోన్ నొక్కాడు.

నా జేబులో గుడిగంటలు మోగాయి. అత్తగారికి చెవులు కాస్త మందం, అందుకని ఫుల్ సౌండ్. పిచ్చుకలు తుర్రుమన్నాయి. పదకొండు బైనాక్యులర్లు నా జేబు వైపు తిరిగాయి.

రసజ్ఞ నెమ్మదిగా ఫోన్ తీసుకుంది. "మా అమ్మదండీ, మర్చిపోయి వెళ్లింది. చూసింది అమ్మే. ఎంత సిగ్గో, నాకూ చెప్పలేదు."

కాపాడింది! దేవత!

గచ్చిబౌలి దాటాక నోరు విప్పింది. "అమ్మ రాత్రి బండికి వస్తోంది. ఇకనుంచి ప్రతి ఆదివారం చందానగర్ అమ్మే చూసుకుంటుందని ఆదర్శ్ గారు గ్రూపులో పెట్టేశారు. తీసుకెళ్లేది నువ్వు."

"మరి నువ్వో?"

"నానక్‌రామ్‌గూడ కూడా ఎవరో ఒకరు చూడాలిగా. నేనూ, ఆదర్శ్ గారూ."

ఇది నాలుగో ఆదివారం. నా ప్యాంటు నిండా పల్లేరుకాయలు. పక్కన మా అత్తగారు, కళ్లకి బైనాక్యులర్స్.

"అల్లుడుగారూ, ఏమిటా నిట్టూర్పులు? కాస్త ఊపిరి బిగబట్టండి, పిట్ట ఎగిరిపోతుంది!"