ఏనుగుకు సరిపడా తుపాకి

ఆ బుధవారం పొద్దున లక్ష్మన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటల బస్సుకు గోరంట్ల పోవాలి. కొత్త తుపాకికి అర్జీ పెట్టాలి. మోటారు స్టార్టరుకు ఫ్యూజు తీగ కొనాలి. రెండు గంటలకు కరెంటు వచ్చేలోగా ఇంటికి చేరి వేరుశనగ చేనుకు నీళ్లు కట్టాలి. వీటిలో బస్సెక్కడం, ఫ్యూజు తీగ కొనడం తప్ప ఏదీ అనుకున్నట్టు జరగలేదు.

అది రెండువేల మూడో సంవత్సరం. వరుసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. రాళ్లకుంట్లపల్లెలో వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయింది. నాలుగు బోర్లు ఎండిపోయాక ఐదోదాంట్లో కాసిని నీళ్లు పడ్డ లక్ష్మన్న మూడెకరాలు మాత్రమే పచ్చగా ఉన్నాయి. ఆ సంగతి చుట్టుపక్కల గుట్టల మీది అడవిపందులన్నిటికీ తెలిసిపోయింది. ఆ మూడెకరాలు చేతికొస్తే లక్ష్మన్న, ఈశ్వరి ఆ ఏడు సొంత ఊళ్లో ఉంటారు. రాకపోతే పక్కింటివాళ్ల లాగే మూటాముల్లె సర్దుకుని బెంగుళూరుకు కూలికి పోవాలి.

ఇంట్లో తుపాకి లేకపోలేదు. నాయన కాలం నాటి మందు కూరే తుపాకి ఒకటుంది, లైసెన్సు సహా. గొట్టంలో మందు పోసి, గుడ్డ దట్టించి, కేపు పెట్టేసరికి పందులు ఒక సాలు పూర్తి చేసేవి. కానీ పేలిందంటే మాత్రం ఆ శబ్దానికి గుట్ట ఎక్కేదాకా వెనక్కి చూసేవి కావు.

"ఉన్నదాని శబ్దానికే పందులు పారిపోతాండాయి కదా, ఇంగొకటి యాలకు?" అంది ఈశ్వరి, భర్తకు రాగిసంకటి పెడుతూ.

"పారిపోతాండాయి, మళ్లా వస్తాండాయి. నిజం తుపాకి ఉంటే రావు."

"మీ మేనమామ కొడుకు డబల్ బ్యారెల్ కొన్నప్పటి నుంచి నీకు కడుపు మంట. అది పందుల మీద పెట్టి చెప్తాండావు."

లక్ష్మన్న ఈ మాట వినలేదు. వినకూడని మాటలు వినకుండా ఉండటం పదకొండేళ్ల కాపురంలో అతను బాగా నేర్చుకున్నాడు.

బస్సులో ఎర్రిస్వామి దొరికాడు. అతను మిలిటరీలో పదిహేడేళ్లు చేసి వచ్చిన హవల్దారు. అందులో పద్నాలుగేళ్లు వంటశాలలోనే గడిచాయి. అయినా తుపాకుల గురించి ఆ చుట్టుపక్కల అతని మాటే చెల్లుబాటు, ఎందుకంటే కాదని చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడు.

"పందికి ట్వెల్వ్ బోర్ చాలప్పా," అన్నాడు ఎర్రిస్వామి, బస్సు మొత్తానికి వినబడేలా. "ఎలుగ్గొడ్డుకు త్రీ ఫిఫ్టీన్ రైఫిలు. అడవిదున్నకైతే త్రీ సెవెంటీఫైవ్ మాగ్నమ్. అంతకు తక్కువ పెట్టి కొట్టినావనుకో, దానికి కోపం వస్తాది గానీ సావు రాదు."

"మన పక్క అడవిదున్న యాడుండాది మామా?"

"ఉండాదని చెప్పినానా? పద్ధతి చెప్తాండా. తూటా ఎంచుకునేది జంతువును బట్టి. తోలు ఎంత మందం, ఎముక ఎంత గట్టి, మీదికి వస్తే మనకు ఎంత టైమ్ ఉంటాది, ఇవన్నీ చూడల్ల."

"మరి ఏనుగుకు?" అని వెనక సీట్లోంచి ఎవరో అడిగారు.

ఎర్రిస్వామి కళ్లు మూసుకున్నాడు. "ఏనుగుకు ఫోర్ సెవెంటీ. రెండు గొట్టాల రైఫిలు. రెండు గుండ్లు. మూడోది కూరేదానికి మనిషి ఉండడు."

"నువ్వు ఏనుగును కాల్చినావా మామా?" అన్నాడు లక్ష్మన్న భక్తిగా.

"అస్సాంలో దానికి రోజూ అన్నం ముద్దలు పెట్టినా," అన్నాడు ఎర్రిస్వామి.

గోరంట్లలో దిగాక ఎర్రిస్వామి కూడా లక్ష్మన్న వెంటే బసప్ప దగ్గరికి వచ్చాడు. అక్కడ అర్జీలన్నీ రాసేది బసప్పే. బస్టాండు వెనక రేకుల షెడ్డులో టైపు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్లుగా కరువు అర్జీలు కొడుతున్నాడు. విత్తనాలకు, పశువుల మేతకు, తాగునీటి ట్యాంకరుకు, దేనికైనా సరే. ఆ అనుభవంతో అతనికొక సూత్రం పట్టుబడింది. సర్కారు అడిగినదాంట్లో సగానికి సగం కోసి ఇస్తుంది. కాబట్టి కావలసినదానికి రెట్టింపు అడగాలి. ఆ మండలం రైతులంతా అలాగే అడుగుతారు, సర్కారు అలాగే కోస్తుంది, ఎవరికీ ఏ బాధా లేదు.

"ఏ జంతువు నుంచి రక్షణ?" అని ఫారంలో గడి చదివాడు బసప్ప.

"పంది అని కొట్టన్నా."

బసప్ప మిషను మీంచి చేతులు తీసేశాడు. "పోయినేడు విత్తనాలు ఎన్ని మూటలు అడిగితివి?"

"ఆరు."

"ఎన్ని ఇచ్చినారు?"

"మూడు."

"మరి? పంది అని రాస్తే పిల్లిని బెదిరించే తుపాకి ఇస్తారు. బుద్ధుండల్లప్పా."

"అయితే ఎలుగ్గొడ్డు అని కొట్టు."

"ఈ నెల పద్నాలుగు మంది ఎలుగ్గొడ్డే రాసినారు. ఆఫీసోళ్లకు మొహం మొత్తింటాది."

"చిరుత?"

"చిరుత అంటే యాడ చూసినావు, ఎప్పుడు చూసినావు అని సతాయిస్తారు. అది యాడైనా దాక్కుంటాది, కనబడకపోతే అబద్ధమంటారు. దాక్కోలేని జంతువు రాయల్ల. అబద్ధం చెప్పేవాడు ఎవడూ చెప్పనంత పెద్దది."

లక్ష్మన్న, ఎర్రిస్వామి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫారంలో జంతువు గడిలో 'ఏనుగు' అని, తుపాకి గడిలో 'ఫోర్ సెవెంటీ, రెండు గొట్టాలు' అని పడింది. లెక్క తేలిగ్గా ఉంది. ఏనుగు కోస్తే దున్న, దున్న కోస్తే పంది. ఎంత కోసినా పందికి సరిపోయే తుపాకి మిగులుతుంది. లక్ష్మన్న కింద సంతకం పెట్టాడు. ఆ పూట బస్సు చక్రం పంక్చరై ఇల్లు చేరేసరికి కరెంటు వచ్చి పోయింది. అది తప్ప పని దివ్యంగా అయిందనుకున్నాడు.

మూడు వారాలకు తుపాకి బదులు ఒక కవరు వచ్చింది. 'తమ గ్రామ పరిసరాల్లో సంచరిస్తున్న ఏనుగు విషయమై అటవీ రేంజి అధికారిణి శుక్రవారం విచారణకు రాగలరు' అని అందులో ఉంది. లక్ష్మన్న అది పట్టుకుని బసప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"ఏనుగు లేదు, పందులేనని చెప్పేస్తానన్నా."

"చెప్పు. చెప్పే ముందు నువ్వు యాడ సంతకం పెట్టినావో చదువుకో. 'పైన రాసినవన్నీ నిజం, అబద్ధమని తేలితే శిక్షకు బద్ధుడను.' నేను రాసేవాణ్ణి, నువ్వు బద్ధుడివి."

"మరి ఏం చేయల్లన్నా?"

"ఒకసారి వచ్చింది, పోయింది, అను. అంతకు మించి ఒక్క మాట మాట్లాడాకు."

సలహా మంచిదే. కానీ కవరును లక్ష్మన్న కంటే ముందు పోస్టుమాను చదివాడు, పోస్టుమాను దగ్గర జయరాముడు విన్నాడు. లక్ష్మన్న చేనుకు ఆనుకుని జయరాముడికి నాలుగెకరాలు ఎండిన చేను ఉంది. ఏనుగు తొక్కిన పంటకు పరిహారం ఇస్తారని అతను ఏ టీవీలోనో చూశాడట. సాయంత్రానికి ఏనుగు జయరాముడి చేను తొక్కింది. మర్నాటికి ఇంకో పద్దెనిమిది మంది చేలు తొక్కింది. గురువారం నాటికి దానికి దంతాలు వచ్చాయి, ఒక పిల్ల కూడా పుట్టింది.

"ఏనుగును నువ్వు పిల్చుకొస్తివి, పరిహారం అందరికీ రానీ," అన్నాడు జయరాముడు లక్ష్మన్న భుజం తట్టి. ఊరంతా ఒక్కసారిగా తన మీద అంత ప్రేమ చూపించడంతో లక్ష్మన్న పందుల మాటే ఎత్తలేకపోయాడు.

శుక్రవారం పదింటికి జీపు వచ్చింది. దిగిన అధికారిణి పేరు పద్మప్రియ. వయసు ముప్పై లోపే. ఎండలో టోపీ పెట్టుకుని, ఎవరేం చెప్పినా తలూపుతూ, అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటోంది. జయరాముడు ఆమెను నేరుగా తన చేనుకు తీసుకుపోయి అడుగులు చూపించాడు. ముందురోజు అతను లక్ష్మన్న కాలువలోంచి రెండు బిందెల నీళ్లు తెచ్చి, మట్టి తడిపి, రోటి అడుగుభాగంతో గుద్దిన అడుగులవి. ఏడు ఉన్నాయి. ఏడూ ఒకే వరుసలో ఉన్నాయి.

పద్మప్రియ వంగి చూసింది. "ఈ ఏనుగు ఒంటికాలి మీద గెంతుతూ పోయిందా అండీ?"

"ముసలిది మేడమ్," అన్నాడు జయరాముడు. "కుంటుతాది."

"పిల్ల ఉందన్నారు?"

"కడగొట్టు పిల్ల మేడమ్."

ఆమె అది కూడా రాసుకుంది. తర్వాత పంతొమ్మిది మంది చేత ఏనుగును కళ్లారా చూశామని సంతకాలు పెట్టించుకుంది. పెట్టినవాళ్లు ఉత్సాహంగా పెట్టారు. అప్పుడు బ్యాగులోంచి ఇంకో కాగితాల కట్ట తీసింది.

"పరిహారం తప్పకుండా ఉంది. కాకపోతే తొక్కడానికి ముందు పంట ఉండాలి కదా. మీరంతా పోయిన నెల కరువు సాయానికి అర్జీలు ఇచ్చారు. 'ఒక్క గింజ మొలవలేదు' అని ఇందులో సంతకాలున్నాయి. మొలవని పంటను ఏనుగు ఎలా తొక్కిందని పైవాళ్లు అడుగుతారు."

ఆ అర్జీలు కూడా బసప్పే కొట్టాడు.

"ఇంకొకటి," అంది పద్మప్రియ, కంచె అవతల పచ్చగా ఊగుతున్న లక్ష్మన్న మూడెకరాల వైపు చూస్తూ. "ఇంత ఆకలి మీదున్న ఏనుగు ఎండిపోయిన చేలన్నీ తిరిగి, ఆ పచ్చచేను ఎందుకు వదిలేసింది?"

మంచి ప్రశ్న. ఒకసారి వచ్చింది, పోయింది అని లక్ష్మన్న నోరు తెరవబోయాడు. కానీ జయరాముడు మంచి మనిషి. పొరుగువాడు చిక్కుల్లో పడితే చూస్తూ ఊరుకోలేడు.

"లక్ష్మన్న తుపాకి పేల్చినాడు మేడమ్! ఆ దెబ్బకే అది మా చేన్లలోకి దూకింది!"

"ఏనుగు మీద కాల్పులు జరిపారా?" పద్మప్రియ పెన్ను ఆగింది.

"మీద కాదు మేడమ్, గాల్లోకి," అన్నాడు లక్ష్మన్న. పేల్చలేదని చెప్పాల్సింది, గాల్లోకి అనేశాడు.

అతన్ని ఆదుకోవడానికి ఈసారి ఎర్రిస్వామి అడుగు ముందుకేశాడు. "మేడమ్, నేను ఎక్స్ మిలిటరీ. ఆ తుపాకికి ఏనుగు తోలు కూడా గీసుకోదు. ఏనుగును పడగొట్టల్లంటే ఫోర్ సెవెంటీ కావల్ల. ఆ సంగతి లక్ష్మన్నకు నేనే బస్సులో పూర్తిగా వివరించినా. అందుకే అర్జీలో అదే రాయించినాడు."

"అంటే ఏనుగును చంపడానికి ఏ తుపాకి పనికొస్తుందో ముందే మాట్లాడుకుని దరఖాస్తు చేశారన్నమాట," అంది పద్మప్రియ, చాలా మర్యాదగా. ఎర్రిస్వామికి ఆ వాక్యంలో తప్పేమీ కనబడలేదు కాబట్టి సెల్యూట్ చేశాడు.

ఆమె విషయం తేల్చి చెప్పింది. ఏనుగు రక్షిత జంతువు. అది తిరిగే చోట కొత్త తుపాకి ఇవ్వడం కుదరదు. ఉన్న తుపాకి కూడా, ఏనుగు ఈ ప్రాంతం వదిలిపోయిందని రూఢి అయ్యేదాకా పోలీసు స్టేషనులో జమ చేయాలి. ఏడాది పాటు ఎవరికీ కనబడకపోతే రూఢి అయినట్టు.

లక్ష్మన్న వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పంట పీకడానికి ఇంకా ఐదు వారాలుంది. ఐదు వారాలు పందులు ఉత్త చేతుల మనిషిని చూసి నవ్విపోతాయి.

"మేడమ్," అన్నాడు లక్ష్మన్న. "ఏనుగు లేదు మేడమ్. ఏ పొద్దూ లేదు. పందులే. అబద్ధం రాసినా. మూడెకరాలు పోతే నాకూ నా పెండ్లానికీ ఈ ఊళ్లో తిండి లేదు మేడమ్."

పద్మప్రియ నోటు పుస్తకం మూసింది. ఆమెకు పొద్దున జీపు దిగినప్పుడే అంతా తెలుసు. "నాకు తెలుసు లక్ష్మన్న గారూ," అంది మెల్లగా. "కానీ ఇప్పుడు ఏనుగు లేదని రాస్తే, మీతో కలిపి ఇరవై మంది మీద కేసు పెట్టాలి. ఏనుగు ఉందంటే ఒక తుపాకితో పోతుంది. ఏది రాయమంటారు?"

లక్ష్మన్న వెనక్కి తిరిగి చూశాడు. పంతొమ్మిది మంది రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. జయరాముడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఉందనే రాయండి మేడమ్," అన్నాడు లక్ష్మన్న.

ఈశ్వరే ఇంట్లోకి పోయి తుపాకి తెచ్చి జీపులో పెట్టింది. భర్తను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని లక్ష్మన్నకు అనిపించింది.

కృతజ్ఞత అనేది ఉంటుంది కాబట్టి ఆ పంతొమ్మిది మందీ వంతులవారీగా కావలి కాశారు. నూనె డబ్బాలు తెచ్చుకుని వాయించారు. పందికి పదిహేను కిలోల డబ్బా కావాలనీ, ఐదు కిలోలదైతే దానికి కోపం వస్తుందే కానీ భయం రాదనీ ఎర్రిస్వామి చెప్పాడు. చిన్న డబ్బాలు మోగిన రాత్రుల్లో అది నిజమే అయింది. పందులు ఒక ఎకరా తిన్నాయి, రెండెకరాలు ఇంటికొచ్చాయి. లక్ష్మన్న, ఈశ్వరి ఊళ్లోనే ఉన్నారు.

పంట పీకిన మరుసటి వారం అటవీశాఖ వాళ్లు వచ్చి చేను గట్టున ఒక బోర్డు పాతిపోయారు. 'ఏనుగులు సంచరించు ప్రాంతము, జాగ్రత్త' అని ఎర్ర అక్షరాలతో రాసుంది. ఇనుప స్తంభం చాలా గట్టిది, పందులు ఎంతగా వీపు రుద్దుకున్నా కదలదు.