పుత్తూరుకు పోయిన జీపు

పొద్దున ఏడింటికల్లా చిత్తూరు దాటేసి, మధ్యాహ్నానికి తలకోన అడవిలో డేరాలు వేయించాలన్నది సర్వే ఆఫీసు దామోదరం పథకం. పదకొండేళ్లుగా ఎవరో ఒకరి కిందే క్యాంపులకు పోయిన మనిషి. ఈసారి మొట్టమొదటిసారిగా క్యాంపు బాధ్యత తన పేరున వచ్చింది. సాయంత్రం ఆఫీసరు వచ్చేసరికి డేరాలు లేచి ఉంటే ఆ బాధ్యత ఇక ఆయనదే. లేకపోతే దానికోసం ఎప్పటినుంచో కాచుకొని కూర్చున్న జయరావుకు పోతుంది. ఈ సంగతి జయరావుకూ తెలుసు.

జీపుకే తెలియదు. నాలుగు డేరాలు, మడత మంచాలు, కిరసనాయిలు డబ్బాలు, బియ్యం మూట ఎక్కించేసరికి ఆ ముసలి జీపు వెనకభాగం కూలబడింది. ముందు లైట్లు ఆకాశం వైపు చూస్తున్నాయి. డ్రైవరు మునెయ్య కిందికి దూరి చూసి, వెనక చక్రాల మీది కమాను పట్టీలు వంపు పోయి చదునైపోయాయని, టైరు బాడీకి రాసుకుంటోందని చెప్పాడు. దామోదరానికి ఒళ్లు మండింది. మండదా మరి? కొత్త పట్టీలు కావాలని మూడు నెలల కిందటే పైకి రాశాడు. "జీపు నడుచుచున్నదా, లేదా?" అని ఒకే ఒక్క ప్రశ్న తిరిగి వచ్చింది. నడుచుచున్నదని నిజం రాసి చెడిపోయాడు.

"ఈడ ఇస్తే రొండు దినాలు సార్," అన్నాడు మునెయ్య. "పుత్తూరులో మా బామ్మర్ది కొలిమి ఉండాది. రొండు గంటల్లో పట్టీలకు వంపు తెప్పించి ఇస్తాడు. ఆణ్నించి తిరుపతి మీద పోదాం."

చుట్టుదారే అయినా వేరే గతి లేదు. వెనక బరువు తగ్గించడానికి మునెయ్య బియ్యం మూటను ముందుకు తెచ్చి దామోదరం కాళ్ల దగ్గర పెట్టాడు. దాంతో ఆయన ఎడమకాలు మడిచే చోటు లేక, మూట మీదుగా బయటికి బారజాపుకొని కూర్చోవలసి వచ్చింది. గుంత కనిపించినప్పుడల్లా ఆగుతూ జీపు ఎద్దులబండి కంటే నెమ్మదిగా కదిలింది.

బస్టాండు మలుపులో ఆఫీసు గుమాస్తా గంగాధరం ఎదురై, యాడికి సార్ అని అడిగాడు. బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. పాతికేళ్ల సర్వీసున్న గంగాధరానికి తెలియదా? దామోదరం పళ్లు కొరుక్కుంటూ, "పుత్తూరుకు" అని ఒక్క మాట అనేసి మొహం తిప్పుకున్నాడు.

ఆ జిల్లాలో ఆ ఒక్క మాట చాలు. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి జనం పోయేది పుత్తూరుకే. అందులోనూ కాలు చాపుకొని, పళ్లు బిగబట్టి, జీపును అంత జాగ్రత్తగా నడిపించుకుంటూ పోతుంటే ఇంక అడగడానికేముంది? గంగాధరం ఆఫీసు చేరేసరికి దామోదరం కాలు విరిగింది. పదిన్నరకు రెండు చోట్ల విరిగింది. పదకొండుకు మోకాలి చిప్ప కూడా పోయింది. ఆఫీసరు దయగలవాడు. వెంటనే నెలన్నర సెలవు మంజూరు చేసి, క్యాంపును జయరావుకు అప్పగిస్తూ సంతకం పెట్టేశాడు.

పుత్తూరులో పని మాట ఇచ్చినట్టే జరిగింది. మునెయ్య బామ్మర్ది పట్టీలు విప్పి, ఎర్రగా కాల్చి వంపు తిప్పి, ఒక్కో పక్క ఇంకో పట్టీ చేర్చి బిగించాడు. సామానంతా ఎక్కించినా జీపు వెనకభాగం కిందికి దిగలేదు. దామోదరం హుషారుగా బండి తియ్యమనబోతుండగా, జీపును చూసి టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఏడుస్తూ ఆయన భార్య వసంతమ్మ, బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకొని గంగాధరం, ఆర్డరు కాగితం పట్టుకొని జయరావు దిగారు.

సంగతి తెలిసి దామోదరం మండిపడ్డాడు. కాలు విరిగిందని ఎవడు చెప్పాడని గంగాధరం మీదికి పోయాడు. మీరే కదా పుత్తూరుకని చెప్పినారని గంగాధరం నొచ్చుకున్నాడు. అందరూ చూడండని దామోదరం నడిచాడు, కాలు నేలకేసి కొట్టాడు, మూడుసార్లు ఎగిరాడు.

వసంతమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "పెండ్లయినకాణ్నించి సూస్తా ఉండాను, నొప్పని ఒక్కనాడన్నా చెప్పినారా మీరు? ఎగరాకండి. ఉండేది కూడా ఇరిగిపోతాది."

మునెయ్య సాక్ష్యం చెప్పబోతే, డ్రైవరు మాట ఫైలులో చెల్లదన్నాడు జయరావు. సెలవు ఆర్డరు అయిపోయింది కనుక, కట్టు కట్టే వైద్యుడు కాగితం రాసిస్తే తప్ప డ్యూటీలో చేర్చుకోరని వినయంగా చెప్పాడు. దామోదరం విసవిసా నడుచుకుంటూ ఆ సందులోనే ఉన్న వైద్యుడి దగ్గరికి పోయాడు. ఆ పెద్దాయన కాలు నొక్కి చూశాడు.

"ఇది ఇరగలేదు కదప్పా."

"ఆ మాటే రాసియ్యండి, చాలు."

"కట్టు కట్టినోళ్లకే మేము కాయితం ఇచ్చేది. కట్టకుండా ఇచ్చినామంటే రేపట్నించి అందరూ కాయితానికే వస్తారు."

ఇదేం న్యాయమని దామోదరం గంటసేపు అరిచాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు, వినే నాథుడే లేడు. ఆలోగా జయరావు పొద్దుపోతోందంటూ జీపెక్కి, మునెయ్యను తలకోనకు పోనివ్వమన్నాడు. ఎత్తుగా లేచిన వెనకభాగంతో జీపు సందు మలుపు తిరిగేదాకా చూసి, దామోదరం కాలు చాపాడు. పెద్దాయన ఆకుపసరూ గుడ్డుసొనా పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు.

నెలన్నర తర్వాత కట్టు విప్పి, ఎక్కడా విరిగిన గుర్తే లేదని పెద్దాయన నిజాయితీగా రాసిచ్చిన కాగితాన్ని ఆఫీసులో అందరూ చేతులు మార్చుకొని చదివి, పుత్తూరు కట్టంటే అదీ అన్నారు.