పోయిన ఫ్లెక్సీ, ఆగిన బాల్కన్ యాత్ర

"భిక్షపతీ, జర రాసుకో. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ మూడు జిల్లాలల్ల నేరం ఇంకా బతికుందంటే, అది నా కండ్ల పడలేదు కాబట్టే!"

ఈ ప్రకటన చేసింది నా చిన్ననాటి స్నేహితుడు, తనకు తానే డిటెక్టివ్ బిరుదు ఇచ్చుకున్న నగేష్. చేసిన చోటు జనగామలో నా ఫ్లెక్సీల దుకాణం. అప్పటివరకు అతనికి దొరికిన కేసు తప్పిపోయిన మేక ఒక్కటే. అదీ సాయంత్రానికి దానంతటదే ఇంటికొచ్చింది. తన భయంతోనే వచ్చిందని నగేష్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. నా కుర్చీలో కూర్చుని, నా చాయ్ తాగుతూ, పైగా నన్ను అసిస్టెంట్ అంటాడు.

రెండో కేసు తెల్ల జీపులో వచ్చింది. దిగినవాడు బుచ్చన్న. పాలకుర్తి దగ్గర భూములు, చేతిలోంచి పోయిన పదవి, వస్తుందనుకుంటున్న పదవి ఉన్న మనిషి.

"నగేష్, చౌరస్తల నా ఫ్లెక్సీ మాయమైంది."

నగేష్ షట్టర్ సగం దించాడు. "ఏ దేశం హస్తం ఉన్నదంటవన్నా?"

ఆ ఫ్లెక్సీ ప్రింటు కొట్టింది నేనే. బుచ్చన్న, ఆయన భార్య రూప, తమ్ముడు వివేక్, వివేక్ భార్య ప్రమీల దసరా సెలవుల్లో గ్రీస్, ఉత్తర మాసిడోనియా, అల్బేనియా, మాంటెనెగ్రో తిరిగి రావాలనుకున్నారు. అనుకోవడం నలుగురిది, పని ఒక్క ప్రమీలది. ఆమె లెక్కల టీచర్. ఏ ఊరి నుంచి ఏ ఊరికి బస్సు ఉంది, గ్రీస్ వీసా ఎలాంటిది తీసుకుంటే మిగతా మూడు దేశాల్లోకీ రానిస్తారు, ఏ సరస్సు పక్కన ఏ గది చవక, అన్నీ రోజూ బడి నుంచి వచ్చి కూర్చుని తవ్వి తీసింది. ఆ యాత్రను ఊరికి చాటే ఫ్లెక్సీ మీద మాత్రం నల్ల కళ్లద్దాల బుచ్చన్న నిలువెత్తున నిలబడ్డాడు, వెనక ఏథెన్స్ కొండ మీది పాత గుడి. వివేక్ మొహం పోస్టల్ స్టాంపంత. ఆడవాళ్ల ఫోటోలే లేవు. "జాగ లేదు" అన్నాడు బుచ్చన్న. ఆయన మీసం కాస్త తగ్గిస్తే ఇద్దరికీ జాగా వచ్చేది. గిరాకీ పోతుందని నోరు మూసుకున్నాను.

"దొంగ దొరికేదాక ఎవ్వరు కదలొద్దు" అన్నాడు బుచ్చన్న. "అందరి పాస్‌పోర్టులు ఎంబసీ నుంచి నా దగ్గరికే వచ్చినయ్, బీరువల పెట్టి తాళమేసిన. గింత అవమానం జరిగినంక విమానమెక్కుడేంది?"

విమానం వచ్చే వారమే. సెలవులు దాటితే ప్రమీలకు మళ్లీ వచ్చే దసరా దాకా కుదరదు. అన్న మాట మీద మాట్లాడే అలవాటు వివేక్‌కు లేదు. ఇక ఆమె యాత్ర మొత్తం మా నగేష్ బుర్ర మీద ఆధారపడింది. తలచుకుంటే నాకే పాపమనిపించింది.

చౌరస్తాలో స్తంభానికి తాడు ముక్కలు మిగిలి ఉన్నాయి. నగేష్ భూతద్దం పెట్టి చూశాడు.

"కత్తితోటి కోసిండు. అంటే దొంగ దగ్గర కత్తి ఉంది."

"కత్తెర గూడ కావచ్చు కదరా."

"శభాష్! అయితే దొంగలు ఇద్దరు."

తర్వాత ఒక అనుమానాస్పదమైన చెప్పు ముద్ర కనిపెట్టి, దాని వెంట స్తంభం చుట్టూ తిరిగాడు. తిరిగినకొద్దీ ముద్రలు పెరిగాయి. "ముఠా!" అన్నాడు గుసగుసగా. అతని చెప్పు విప్పించి ముద్ర పక్కన పెట్టి చూపించాక భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి ప్రమీల ఇంటికి వెళ్లాం. గోడ మీద పెద్ద పటం, దేశం నుంచి దేశానికి ఎర్ర బాణాలు. నగేష్ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"సరిహద్దులు దాటే ముఠా! పథకం గోడకే ఉంది!"

"టూర్ ప్లాన్ అన్నా అది" అంది ప్రమీల.

"ఫ్లెక్సీల నీ ఫోటో లేదు. అంటే నీకు కోపం. కోపమున్నోళ్లే కోస్తరు."

"కోపమున్నది. గంత కష్టపడి దారి ఏసింది నేను, దండ ఆయనకు. ఫ్లెక్సీతోటి నాకేం పనన్నా? నా పాస్‌పోర్టు నాకు కావాలె. జల్ది తేల్చు!"

ఆమె క్యాలెండర్ మీద విమానం తేదీని వేలితో కొట్టి చూపించింది. నగేష్ అది కూడా సాక్ష్యమే అన్నాడు.

చివరికి దోషిని తేల్చేశాడు. దంతాలపల్లిలో ఉండే లక్ష్మణ్, రాజకీయాల్లో బుచ్చన్నకు పోటీ. ఆధారమేమిటంటే, ఫ్లెక్సీ పోయిన రోజు లక్ష్మణ్ నవ్వుతూ కనిపించాడట. బుచ్చన్నకు ఆ సిద్ధాంతం ఎంత నచ్చిందంటే, వెంటనే జీపు తీశాడు. ముందు సీట్లో నగేష్. వెనక నేను, వ్యవహారం ఇవాళే తేలాలని పట్టుబట్టి వచ్చిన ప్రమీల, దంతాలపల్లిలో తల్లిగారింటి దగ్గర దిగుతానన్న రూప.

పాలకుర్తి దాటాక వాన అందుకుంది. ఆ వెంటనే టైరు పంక్చరైంది.

"నేను స్టెప్నీ తీస్త" అని నగేష్ దూకాడు.

"వద్దు! డిక్కీ తెరవకు!"

"ఎందుకన్నా?"

"అండ్ల... పామున్నది."

డిటెక్టివ్‌కు పాము లెక్కా అంటూ తెరిచాడు. "పాము లేదన్నా, వట్టి కవరున్నది. వానకు మంచిగ పనికొస్తది." మడత సగం విప్పి, నెత్తి మీంచి కప్పుకుని, రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ ఉపన్యాసం అందుకున్నాడు. "ఈ నేరస్థుడు మామూలోడు గాడు. మన కండ్లముంగటనే ఉండి కనబడనోడు. ఆ ఫ్లెక్సీ ఈపాటికి రాష్ట్రం దాటింది. దాన్ని దేవుడు గూడ పట్టలేడు!"

అంటూ వెనక్కి తిరిగాడు. అతని వీపు మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని బుచ్చన్న నవ్వుతున్నాడు.

"బావా" అంది ప్రమీల మెల్లగా. "గిది నీ జీపులకు ఎట్లొచ్చింది?"

బుచ్చన్న వానలో తడుస్తూ నిలబడ్డాడు. "నేనే కోసిన. కాలుద్దామంటే వాసనొస్తది. పారేద్దామంటే... సొంత మొఖం, పారేయబుద్ది గాలే."

"మరి ఎందుకు కోసినవు?"

"నాకు వీసా రాలే."

ఎందుకు రాలేదో ప్రమీలకు వెంటనే అర్థమైంది. "ఎంబసీ నుంచి అందరికి జేసినట్టే నీకు ఫోన్ జేసి ఎన్నడు తిరిగొస్తరు అంటే ఏం జెప్పినవు బావా?"

"మనసైతే వస్త, నన్ను అడిగేటోడెవడు అని చెప్పిన."

రూప జీపు దిగింది. "నాకు వచ్చిందా?"

ఆయన తల దించుకున్నాడు. "మీ ముగ్గురికి వచ్చింది."

"వచ్చి గూడ బీరువల పెట్టినవు."

"నేను లేకుంట మీరెట్ల పోతరే?"

"గవే బస్సులు, గవే హోటళ్లు బావా" అంది ప్రమీల. "ఒక్క సీటు ఖాళీగుంటది."

రూప చేయి చాపింది. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. నడిరోడ్డు మీద, వానలో, చొక్కా పైకెత్తి ముడి విప్పుకోవాల్సి వచ్చింది బుచ్చన్నకు. మేమంతా పొలాల వైపు చూశాం.

"నాకు అన్నమెవరు వండాలె?" అన్నాడు తాళంచెవి ఇస్తూ.

"ఇన్నేండ్ల సంది ఎటు పోయినా నీకు వండిపెట్టినంకనే గడప దాటిన. గీసారి వండుడెట్లనో చూపెట్టి పోత."

"ఆగండి!" అన్నాడు నగేష్, ఫ్లెక్సీలోంచి తల బయటపెట్టి. "అసలు దొంగ సంగతి ఇంకా తేలలే!"

ఫ్లెక్సీ ముసుగులో నగేష్ సలహాలిస్తుంటే బుచ్చన్న మోకాళ్ల మీద కూర్చుని టైరు మార్చాడు. రూప ముందు తలుపు తీసి నగేష్ సీట్లో కూర్చుంది. ఆమె ముందు సీట్లో కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. అద్దం మీది ఆవిరిని చేత్తో తుడిచి, దారి వైపు చూస్తూ అడిగింది:

"ప్రమీలా, మొదలు ఏ ఊర్ల దిగుతం?"