మూడోసారి అడగని ఊరు

నోరు తెరిచి 'నాకు కావాలి' అనే మనిషి ఒక్కడూ లేని ఊరే స్వర్గం! నమ్మకపోతే ఓసారి మా నార్బీ రండి. 'అబ్బే, మీకెందుకండీ శ్రమ' అన్నారా? శభాష్, మీకు మా ఊరి మర్యాద వంటబట్టింది. ఇప్పుడు నేను మళ్ళీ పిలవాలి, మీరు మళ్ళీ వద్దనాలి. మూడోసారి పిలిస్తేనే అది అసలు పిలుపు. అప్పుడు పెట్టె సర్దుకోవచ్చు.

అమెరికాలో, మంచు విరగపడే మిన్నెసోటా రాష్ట్రంలో మాదో చిన్న ఊరు. తొమ్మిది వేల మంది జనం, రెండు ట్రాఫిక్ లైట్లు, ఆరు చర్చిలు. మహానగరాల వాళ్ళు మమ్మల్ని చూసి, పాపం మొహమాటంతో చస్తున్నారని జాలిపడతారు. మొహమాటం జబ్బా? కాదండీ బాబూ, వరం! అడగందే అమ్మైనా పెట్టదని లోకం అంటుంది. మా అమ్మలు అడిగితే అస్సలు పెట్టరు.

మా కూడలికి నాలుగు వైపుల నుంచీ నాలుగు కార్లు ఒకేసారి వచ్చాయనుకోండి. 'ముందు మీరు' అని ఒకాయన చెయ్యి ఊపుతాడు. 'లేదు లేదు, మీరే' అని ఇంకొకాయన. మొన్న అక్టోబరులో ఇలాగే గంటంబావు ఊపుకున్నారు. పెట్రోలు అయిపోయింది గానీ, ఒక్కరు హారన్ కొట్టలేదు. మీ ఊళ్ళో ఇంత శాంతి ఉందా?

మా ఊళ్ళో ఆర్లో అని ఒకాయన ఉన్నాడు, అతని సంగతి వినండి. గడ్డకట్టిన చెరువు మీద చేపలు పడుతుంటే మంచు విరిగి నడుంలోతు నీళ్ళలో పడ్డాడు. వేరే ఊరివాడైతే 'చచ్చాన్రో, కాపాడండ్రో' అని గగ్గోలు పెట్టేవాడు. మావాడు 'తొందరేం లేదు, ఎవరైనా ఇటుగా వస్తుంటేనూ...' అన్నాడు. ఒకాయన వచ్చి చెయ్యి అందిస్తే వద్దన్నాడు. మళ్ళీ అందిస్తే మళ్ళీ వద్దన్నాడు. మూడోసారికి, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, 'సరే, మీ మాట కాదనలేక' అంటూ పైకొచ్చాడు. కాలి వేళ్ళు రెండు పోయాయి, మర్యాద మాత్రం నిలిచింది!

ఇక మా పక్కింటి ఆర్డిస్ దగ్గరికి వద్దాం. డెబ్బై ఒకటో ఏడు. ఆమె భర్త మెర్ల్‌కి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోకపోతే మనిషి దక్కడు. ఆస్పత్రి మా వీధి చివరే, నడిచి వెళ్ళేంత దూరం. ఆ ఆస్పత్రిని ఈమధ్య ఏదో కంపెనీ కొన్నది. డయాలసిస్ యంత్రాలను తొంభై మైళ్ళ అవతల ఉన్న పెద్ద ఆస్పత్రికి తరలిస్తామని చెప్పి, దాని గురించి ఊరివాళ్ళతో మాట్లాడడానికి ట్రెవర్ అనే కుర్ర మేనేజర్‌ని పంపింది.

మీటింగు ముందురోజు వాళ్ళింట్లో రిహార్సల్ జరిగింది.

"ఏదీ, 'మాకు కావాలి' అను, వింటాను," అన్నాడు మెర్ల్.

"మీకు వీలైతే మాకు కావాలి."

"'వీలైతే' తీసెయ్."

"మీకు ఇబ్బంది లేకపోతే మాకు..."

"ఆర్డిస్! పోయేది నా ప్రాణమే!"

"అరవకు మెర్ల్, పక్కింటాయన వింటాడు."

పక్కింటాయన్ని నేనే. విన్నాను.

మర్నాడు చర్చి కింది హాల్లో ఎనభై మందిమి చేరాం. ట్రెవర్ తెర మీద బొమ్మలు చూపిస్తూ యంత్రాలు తరలిస్తే ఎన్ని లాభాలో చెప్పాడు. అంతా అయ్యాక లవాన్ లేచి, "అదో రకంగా ఉందండీ," అంది. మా ఊళ్ళో అంతకు మించిన బూతు లేదు. ట్రెవర్ మాత్రం చిరునవ్వుతో థాంక్స్ చెప్పాడు.

కుర్రవాడు చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పాలి. "మీకు ఇబ్బందైతే చెప్పండి. యంత్రాలు ఇక్కడే ఉంచమని పైవాళ్ళతో నేను మాట్లాడతాను. ఉంచమంటారా?" అని అడిగాడు.

అడిగాడండీ! మా ప్రాణాలు లేచొచ్చాయి. ఎనభై గొంతులూ ఒక్కటై, "అబ్బే, మా కోసం మీకెందుకండీ శ్రమ!" అన్నాయి.

అని, రెండోసారి ఎప్పుడడుగుతాడా అని చూస్తూ కూర్చున్నాం. ఆర్డిస్ కుర్చీ అంచుకి జరిగింది.

"ఓ, చాలా సంతోషం! ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు," అంటూ ట్రెవర్ కాగితం మీద ఏదో రాసుకుని సంచీ జిప్పు లాగాడు.

ఆర్డిస్ లేచింది. "బాబూ..."

"చెప్పండమ్మా."

ఎనభై తలలు అటు తిరిగాయి. ఆమె మెడ ఎర్రబడింది. పెదవులు కదిలాయి. మెర్ల్ కళ్ళు మూసుకున్నాడు.

"కాఫీ తాగి వెళ్ళు నాయనా," అంది.

"తప్పకుండా!" అన్నాడు ట్రెవర్.

మొదటిసారికే! హాలంతా గతుక్కుమంది. అంతటితో ఆగాడా? పళ్ళెంలో మిగిలిన ఆఖరి గుమ్మడికాయ కేకు ముక్కని, మా పద్ధతిలో సగం కోసి ఇంకొకరికి వదలకుండా, మొత్తంగా నోట్లో వేసుకున్నాడు. ఆ ముక్క గురించి ఊరు ఊరంతా రెండు వారాలు చెప్పుకుంది. యంత్రాల మాట ఎవరూ ఎత్తలేదు. నవంబరులో లారీ వచ్చినప్పుడు, పాపం బరువుగా ఉంటాయని, మేమే వాటిని తలా ఓ చెయ్యి వేసి ఎక్కించాం.

ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆర్డిస్ తెల్లవారకముందే లేచి కారు తీస్తుంది. పోను తొంభై, రాను తొంభై. ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. పోయిన నెల కారు జారి పక్క గోతిలో పడింది. మెర్ల్‌తో సహా రెండు గంటలు ఆ చలిలో కూర్చుంది. ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉంది, కాస్త విశ్రాంతి దొరికింది," అంది.

ఊరు చూస్తూ ఊరుకుందనుకున్నారా? ఎంత మాట! వాళ్ళని ఎరిగినవాళ్ళలో కార్లున్న ప్రతి ఒక్కరూ వెళ్ళి అడిగారు. నేనూ అడిగాను. ముప్పై ఏళ్ళు ఇదే మంచులో స్కూల్ బస్సు నడిపినవాణ్ణి. వాకిట్లో పికప్ ఉంది. ఇలాంటి వ్యాసాలు రాయడం తప్ప పనేమీ లేదు.

"ఆర్డిస్, రేపు మెర్ల్‌ని నేను తీసుకెళ్ళనా?"

"వద్దు గ్లెన్, నీకెందుకు శ్రమ."

"నాకేం శ్రమ? తీసుకెళ్తాను."

"అబ్బే, మేం వెళ్తాంలే."

అని, లోపలికి పోకుండా అక్కడే నిలబడింది. చేతిలో మంచు గీకే చెక్క. నా మొహంలోకే చూస్తోంది.

"సరే, జాగ్రత్తగా వెళ్ళు," అనేసి నేను ఇంట్లోకి వచ్చేశాను. సిగ్గేసింది. అయినా తలుపు వేసుకున్నాను.

తర్వాత వాకబు చేస్తే, ఊళ్ళో నలభై ఒక్కమంది అడిగారట. అందరూ రెండేసి సార్లు.

ట్రెవర్ పరాయి ఊరివాడు, మూడుసార్లు అడగాలని అతనికి తెలియదు. మాకు తెలుసు. మూడోసారి అడిగితే ఆర్డిస్ సరేనంటుందని కూడా తెలుసు. అందుకే అడగలేదు.