పసుపు గోదాం రాజా జాతి లక్షణాలు

భూమ్మీద స్వచ్ఛమైన స్వర్ణజాతి కుక్క ఒక్కటే మిగిలి ఉందనీ, అది ఓరుగల్లు కాశిబుగ్గలోని తన గోదాములోనే ఉందనీ పసుపు వ్యాపారి చంద్రమౌళి గారు సోమవారం నాడు ప్రకటించారు. కుక్క పేరు రాజా. మూతి నుంచి తోక దాకా బంగారు వన్నె. మంగళవారం వాన పడింది.

తడిసిన రాజా ఒళ్లు దులుపుకోగానే అరుగు పచ్చబడింది, రాజా పాలిపోయాడు. మూడేళ్లుగా పసుపు బస్తాల మీద పడుకునే ఏ ప్రాణికైనా వన్నె అలాగే వస్తుంది, అలాగే పోతుంది. చంద్రమౌళి గారి భార్య ప్రేమలత అరుగు కడిగి, పచ్చనీళ్లను మురిక్కాలువలోకి తోస్తూ అన్నది:

"ఇగో, మీ బంగారం మోరీల వోతాంది. జర వచ్చి సూడుండ్రి."

"అసలు జాతికి వానకాలం రంగు దిగుతది. దిగకుంటేనే డూప్లికేట్," అన్నారాయన.

రాజా మళ్లీ బస్తాలెక్కి పడుకున్నాడు. గురువారానికి మళ్లీ బంగారమయ్యాడు. శాస్త్రం రుజువైంది.

రుజువైన శాస్త్రానికి కాగితం కావాలి. గోదాముకు ఎదురుగా అఖిల్ జిరాక్స్ షాపుంది. అఖిల్‌కు రెండు విద్యలు బాగా వచ్చు: తెలుగు టైపింగ్, నవ్వకుండా ఉండడం.

"అఖిలూ, రాజాకు జాతి సర్టిఫికెట్ కొట్టు. సర్కారు కాగితం లెక్క ఉండాలె."

"లక్షణాలు ఏం రాయాలె మామా?"

"నీకు తోచింది రాయి. గట్టిగ ఉండాలె."

పది నిమిషాల్లో కాగితం సిద్ధమైంది. 'రంగు పచ్చని పసిమి. నలుపు, చామనఛాయ పనికిరావు. పళ్ల వరుస, నడక స్వయంగా చూడబడును. అటు మూడు తరాలు, ఇటు మూడు తరాలు వేరే రక్తం కలిసి ఉండరాదు. వంట వచ్చి ఉండాలి. పెద్దల ముందు గొంతు పెంచరాదు.'

దీన్ని అమలు చేయడానికి ఓరుగల్లు స్వర్ణ శునక జాతి పరిరక్షణ సమితి ఏర్పడింది. చంద్రమౌళి గారు అధ్యక్షులు, బట్టల దుకాణం కుమారస్వామి కార్యదర్శి. మినిట్స్ రాసే భారం అఖిల్ మీద పడింది. వంట నిబంధన మీద రెండు గంటలు చర్చ జరిగింది. వండింది తినడమే వంట వచ్చినట్టని తీర్మానించారు. మిగతా నిబంధనల మీద చర్చే జరగలేదు. అవి అందరికీ పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టే అనిపించాయి.

కుమారస్వామి ఇంట్లో పింకీ అనే ఆడకుక్క ఉంది. రాజాకు జత కోసం సమితి వాళ్లింటికి వెళ్లింది. పింకీ పళ్లు చూసింది, ఇటు నుంచి అటు నడిపించి చూసింది, మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి, కబురు చేస్తామని చెప్పి వచ్చింది. వారం రోజులు బెట్టు చేశాక సరేనన్నది.

పింకీకి నాలుగు పిల్లలు పుట్టాయి. మూడు తెల్లనివి. వాటిని బస్తాల మీద పడుకోబెడితే ఆరు రోజుల్లో జాతి బయటపడింది. నాలుగోది బొగ్గు నలుపు. దాన్ని ఎంత పొర్లించినా జాతి బయటపడలేదు.

అత్యవసర సమావేశం జరిగింది. నల్లపిల్లను ఆదివారం నాడు ఏటూరునాగారం అడవిలో సగౌరవంగా వదలాలని అధ్యక్షులు ప్రతిపాదించారు. "జాతి కోసం మనం గుండె రాయి చేసుకోవాలె," అని కండువాతో కళ్లు తుడుచుకున్నారు. కుమారస్వామి నైతిక కోణంలో ఆలోచించాడు. "అడవిల ఇడిచిపెడితే పాపం తాకుతది. మేడారంల ఇడుద్దాం, తల్లుల నీడన ఉంటది," అన్నాడు. నీతి మీద అంత లోతైన చర్చ కాశిబుగ్గలో అంతకుముందు జరగలేదు. అఖిల్ రాస్తూనే ఉన్నాడు. సరదాకు కొట్టిన కాగితానికి ఒక పిల్ల బలయ్యేటట్టుంది.

అప్పుడు ప్రేమలత వచ్చింది. కొంగులో నల్లపిల్ల నిద్రపోతున్నది.

"మరి నేను గూడ నల్లగనే ఉన్న గద? నన్నెక్కడ ఇడిచిపెడ్తరు? ఏటూరునాగారమా, మేడారమా?"

"నువ్వు రూల్స్ రాకముందు వచ్చినవ్," అన్నారు అధ్యక్షులు, ఎంతో న్యాయంగా.

ఆమె బల్ల మీది కాగితం తీసి పైనుంచి కింది దాకా చదివింది. తర్వాత అఖిల్ వైపు తిరిగింది.

"ఏ కుక్కకు వంటొస్తది ర? నిజం చెప్పు, ఇది ఏడికెళ్లి దించినవ్?"

అఖిల్ లేచి నిలబడ్డాడు. నవ్వకుండా ఉండే విద్య తెలిసినవాడికి ఏడవకుండా ఉండే విద్య కూడా తెలియాలి.

"పోయినేడు మీ వినయ్ అన్న పెండ్లికి పిల్లను సూడనీకి మామ ఒక కాగితం కొట్టిచ్చిండు అత్తమ్మా. గదే ఇది. పైన 'వధువు' తీసి 'శునకము' అని పెట్టిన. వంట లైను తీసెయ్య మర్చిపోయిన."

బస్తాల మీద రాజా చెవి గోక్కున్నాడు.

"రాసింది మంచిగనే ఉన్నది గద, తప్పేమున్నది?" అన్నాడు కుమారస్వామి మెల్లగా. ప్రేమలత ఆయన వైపు చూసింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అయిదు నిమిషాల తర్వాత అధ్యక్షులు లేచి ప్రసంగించారు. ప్రాణం ఉన్న జీవిని రంగు చూసి తూచడం అనాగరికమన్నారు. నిబంధనలన్నీ రద్దయ్యాయి. నల్లపిల్ల గోదాములోనే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. చప్పట్లు మోగాయి.

మర్నాడు చంద్రమౌళి గారు షాపుకొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"అఖిలూ, కుక్క కాగితం చింపేసినం, మంచిదాయె. మా కొడుకు వినయ్ కాగితం మాత్రం ఇంకో యాభై కాపీలు తియ్యి. ఇంకా సంబంధం కుదరలే."

అఖిల్ మిషన్ ఆన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ప్రేమలత నల్లపిల్లతో వచ్చింది. ఆమెను చూసి అధ్యక్షులు ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయారు. వేడివేడి కాపీలు పక్కకు జరిపితే కింద ఇంకో కాగితం కనిపించింది. ఆమె తీసి చూసింది.

"ఇది నీ పెండ్లి కాగితమే గద ర? మీ అమ్మ కొట్టిచ్చిందా?"

"ఔ అత్తమ్మా."

"'పిల్ల తెల్లగా ఉండాలి.' గిది గూడ మీ అమ్మనే చెప్పిందా?"

"ఔ. అమ్మ రాయమన్నది."

"మరి దాని కింద రెండు గీతలెవరు కొట్టిండ్రు?"

నల్లపిల్ల బల్ల మీదికెక్కి, ఆ కాగితాన్ని వాసన చూసి, అఖిల్ మొహంలోకి చూసింది. ఈసారి అఖిల్‌కు ఏ విద్యా గుర్తుకు రాలేదు.

"గీతలు నేనే కొట్టిన అత్తమ్మా."