కరెంటుతోపాటే మూగబోయే భాగ్యం

కరెంటు పోయినా మోగే ఫోనంత మర్యాద తెలియని వస్తువు ఈ భూమ్మీద ఇంకోటి లేదు! ఫ్యాను ఆగి, ఫ్రిజ్ ఆగి, టీవీ నోరు మూసుకుని ఇల్లంతా చీకట్లో కూర్చుంటే, రాగి తీగ పట్టుకుని వేలాడే ఆ పాత ఫోను మాత్రం తనకేం పట్టనట్టు గణగణమంటుందా? ఎవరిని చూసుకుని దానికంత పొగరు?

ఈమధ్యే తెలిసింది. దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి ఆ తీగలోనే వచ్చేదట. మన మీటరుతో పనే లేదట. ఇన్నేళ్లూ మనింట్లో ఉంటూ పరాయి తిండి తిన్నదన్నమాట!

అందుకే ఫోను కంపెనీవాళ్లు మా వీధిలో రాగి తీగ పీకేసి ఫైబర్ కేబుల్ వేస్తుంటే మొదట చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. గోడకో తెల్ల డబ్బా, డబ్బాకో ప్లగ్గు, దాని మీద పచ్చ లైట్లు. ఇక ఫోను బతికేది ఆ డబ్బా మీద, డబ్బా బతికేది మనింటి కరెంటు మీద. మా ఇంట్లో దానికి వీలైన ప్లగ్గు మిక్సీదొక్కటే కాబట్టి ఫోను వంటింట్లోకి కాపురం మార్చింది. మా ఆవిడ మిక్సీ తిప్పినంతసేపూ మాకు లోకంతో సంబంధాలు తెగిపోతాయి. ఎంత ప్రశాంతత!

ఇక ఆరోగ్యం. మా మేనత్త దర్జీ. రెండు వీధుల అవతల, కుట్టుమిషనున్న గదిలోనే ఒంటరిగా ఉంటుంది. ఆయాసం మనిషి. సెల్‌ఫోను కొనిస్తే, బటన్లు లేనిది ఫోనెలా అవుతుందని తిప్పి పంపింది. రోజూ పొద్దున్నే మా ఇంటికి ఫోన్ చేసి, రెండుసార్లు మోగనిచ్చి పెట్టేస్తుంది. బాగానే ఉన్నానని అర్థం. పొరపాటున ఎత్తామా, పని చెడగొట్టామని తిడుతుంది.

ఆవిడ వీధిలోకీ ఫైబర్ వచ్చాక, కరెంటు లేని పొద్దుల్లో ఆ మోత ఆగిపోయింది. మోగకపోతే ఏమనుకుంటాం? పైజమాతోనే పరుగు! తీరా వెళ్తే ఆవిడ కిటికీ వెలుతుర్లో కాజాలు కుట్టుకుంటూ ఉండేది. నేను రొప్పుతూ గుమ్మం పట్టుకుంటే, ఆయాసం నాకా నీకా అని అడిగేది. డాక్టరు ఏళ్ల తరబడి మొత్తుకున్నా కరగని నా పొట్ట చూస్తుండగానే సగమైంది. ఏ రాగి తీగకుందండీ ఈ సుగుణం?

అయితే మనిషన్నాక దేనికైనా అలవాటు పడతాడు. పరుగు నడకైంది, నడక మానేశాం. ఫోను మోగకపోతే ఫ్యాను కేసి చూడటం నేర్చుకున్నాం. ఫ్యాను తిరగట్లేదా? అయితే కరెంటు లేదు. కరెంటు లేదా? అయితే అత్త బాగానే ఉంది. కరెంటొచ్చాక ఎలాగూ మోగిస్తుంది. ఎంత తేలికైన లెక్క!

మొన్న వాన పడ్డ పొద్దున కూడా ఫ్యాను తిరగలేదు. నేను నిశ్చింతగా రెండో కాఫీ తాగాను. మధ్యాహ్నానికి ఫ్యాను తిరిగింది, డబ్బా మీద లైట్లు వెలిగాయి. ఫోను మోగలేదు.

పరుగెత్తాం. అత్త మిషను పక్కన నేలమీద, గోడకు ఒరిగిపోయి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. రిసీవరు ఒళ్లో పడి ఉంది. ఆసుపత్రిలో ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా చెప్పింది.

"కరెంటు ఎప్పుడోకప్పుడు వస్తుంది గదా అని, ఫోను చెవికి పెట్టుకునే కూర్చున్నాన్రా."

దాచడమెందుకు, నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని తిన్నగా కంపెనీ ఆఫీసుకి వెళ్లాను.

అక్కడి ఆఫీసరు చాలా మంచివాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. కరెంటు పోయినా డబ్బాని నడిపే బ్యాటరీ ఒకటుందనీ, ఉచితంగానే ఇస్తామనీ, కాకపోతే ఫోను పనిచేయనప్పుడు ప్రాణం మీదకి వస్తుందని రుజువైనవాళ్లకే ఇస్తామనీ ఓపికగా వివరించాడు.

"ముందే వచ్చుంటే రుజువేదండీ? ఇప్పుడు మీ మేనత్తగారికి ఏ ఇబ్బందీ లేదు. రేపే పంపిస్తాం."

కాబట్టి పాఠక మహాశయులారా! మీ ఇంట్లో ఆయాసంవాళ్లు, గుండెజబ్బువాళ్లు ఉంటే, తొందరపడి బ్యాటరీ అడిగి కంపెనీని ఇరుకున పెట్టకండి. ముందు వాళ్లని ఒక్కసారి పడిపోనివ్వండి. బతికి బయటపడితే బ్యాటరీ ఉచితం.